నిఖా తారీఖు, కంటి తారీఖ్: కహ్హాల్ నుంచి లేజర్ దాకా

మన ఇళ్ళల్లో లేజర్ ఆపరేషన్ ముచ్చట ఎక్కువగా రెండు మౌకాల్లో వస్తుంది. పిల్లకు రిష్తా కుదిరి నిఖా తారీఖు పెట్టుకున్నప్పుడు ఒకసారి. పిల్లగాడు పోలీసు సెలక్షన్లకో ఫౌజుకో దరఖాస్తు పెట్టుకున్నప్పుడు ఇంకోసారి. పదేళ్ళుగా ముక్కు మీద హాయిగా కూర్చున్న ఐనక్ ఒక్కరోజులో ఐబ్ అయిపోతుంది. ఎంతవుతుంది, ఎన్ని రోజుల్లో తగ్గుతుంది, షాదీ నాటికి కళ్ళు ఎర్రగా ఉండవు కదా అని అడుగుతారు. ఖాలా కూతురు చేయించుకుంది, మామూ కొడుకు చేయించుకున్నాడు, అంతా అయిదు నిమిషాల పని అంటారు.

ఎవరూ అడగని సవాల్ ఒకటుంది. ఈ కన్ను ఆ ఆపరేషన్‌కు తగినదేనా?

ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ. తారీఖ్ అంటే చరిత్ర కూడా. నిఖా తారీఖు దగ్గర పెట్టుకుని లేజర్ కోసం పరుగెత్తేవాళ్ళు ఈ రెండో తారీఖ్ కొంచెం తెలుసుకోవాలి. ఎందుకంటే లేజర్‌కు ముందు డాక్టర్లు చేసే ప్రతి జాంచ్ వెనకా ఒక కథ ఉంది. లెన్సులు తీసేయమనడం, పొర మందం కొలవడం, సైట్ నిలకడగా ఉందా అని పాత చీటీలు అడగడం, ఇవేవీ బిల్లు పెంచడానికి పుట్టినవి కావు. కొన్ని వెయ్యేళ్ళ కిందటి హకీముల ఇల్మ్ నుంచి వచ్చాయి. కొన్ని జల్దీ చేసి కళ్ళు పోగొట్టుకున్నవాళ్ళ బాధ నుంచి వచ్చాయి.

బగ్దాద్, ఖాహిరా: కహ్హాల్ అనే హకీమ్

కుహ్ల్ అంటే అరబీలో సుర్మా. కంటికి మందు పెట్టేవాడు కహ్హాల్. మాట సుర్మా నుంచి పుట్టినా, అబ్బాసీ ఖిలాఫత్ నాటికి కహ్హాల్ అంటే సుర్మా అమ్ముకునేవాడు మాత్రమే కాదు. కంటి నిర్మాణం చదివి, రోగాలు గుర్తుపట్టి, అవసరమైతే సూదితో, కత్తితో ఇలాజ్ చేసే ప్రత్యేక వైద్యుడు.

ఈ ఇల్మ్‌కు పునాది వేసినవాళ్ళలో హునైన్ ఇబ్న్ ఇస్హాఖ్ పేరు ముందుంటుంది. 809లో పుట్టి 873లో చనిపోయాడు. నస్తూరీ క్రైస్తవుడు. బగ్దాద్‌లో ఖలీఫాల ఆదరణలో గ్రీకు వైద్య గ్రంథాలను సిర్యానీలోకి, అరబీలోకి తర్జుమా చేశాడు. కంటి మీద పది రిసాలాలు రాశాడు. ఆ రోజుల్లో రాసేవాడి మజ్‌హబ్ ఏదని చూడలేదు, ఇల్మ్ సరైనదా కాదా అని చూశారు.

తర్వాత 11వ శతాబ్దం మొదట్లో బగ్దాద్‌లో అలీ ఇబ్న్ ఈసా అల్ కహ్హాల్ ‘తజ్కిరతుల్ కహ్హాలీన్’ రాశాడు. కంటి రోగాలు నూటికి పైగా అందులో ఉన్నాయి. ఒక్కో రోగాన్నీ ఎలా గుర్తుపట్టాలి, ఏ మందు వేయాలి, ఎప్పుడు కత్తి పట్టాలి అన్నది వరసగా చెప్పాడు. శతాబ్దాల పాటు కంటి హకీములు దాన్నే చదివారు. లాటిన్‌లోకి కూడా వెళ్ళింది. అదే కాలంలో మోసుల్ నుంచి మిస్ర్‌కు వచ్చిన అమ్మార్ ఇబ్న్ అలీ, ఫాతిమీ ఖలీఫా అల్ హాకిమ్ పాలనలో, లోపల బోలుగా ఉండే లోహపు సూదితో మోతియాబింద్‌ను పీల్చి తీసే పద్ధతిని రాసిపెట్టాడు. మోతియాబింద్ అంటే మనం కంటిలో పువ్వు, శుక్లం అనేది.

ఈ వ్యాసానికి కావలసిన అసలు ముచ్చట ఇక్కడుంది. ఆ హకీములు శుక్లం కనిపించగానే సూది పట్టేవాళ్ళు కాదు. ముందు ఒక జాంచ్ చేసేవాళ్ళు. రోగిని కూర్చోబెట్టి ఒక కన్ను మూయించి, రెండో కంటి పాప పెద్దదవుతుందా లేదా చూసేవాళ్ళు. పెద్దదైతే చూపు నరం దారి తెరిచి ఉందని, ఆపరేషన్ ఫాయిదా ఇస్తుందని లెక్క. కదలకపోతే సూది వేసి లాభం లేదు. గ్రీకు హకీమ్ జాలీనూస్ నుంచి వచ్చిన ఈ జాంచ్‌ను హునైన్ తర్వాతి తరాలకు అందించాడు. పాప పెద్దదవడానికి వాళ్ళు చెప్పిన కారణం ఇప్పటి సైన్సుకు సరిపోదు. కానీ ఆ ఉసూల్ మాత్రం సరైనది. ఆపరేషన్ ఎలా చేయాలన్నదానికన్నా ముందు ఎవరికి చేయకూడదో తెలుసుకోవడం.

మరి హకీమ్‌ను జాంచ్ చేసేదెవరు? దానికీ ఇంతెజామ్ ఉండేది. ఇస్లామీ పట్టణాల్లో ముహ్‌తసిబ్ అనే అధికారి బజారులో తూనికలు, కొలతలు, కల్తీలు చూసేవాడు. ఆయన జిమ్మేదారీలో వైద్యులూ ఉన్నారు. 12వ శతాబ్దంలో షామ్ దేశంలో అల్ షైజరీ రాసిన హిస్బా గ్రంథం, కహ్హాల్‌లను హునైన్ రాసిన పది రిసాలాల మీద ఇమ్తెహాన్ పెట్టాలని చెబుతుంది. పాసైనవాడికే జనం కళ్ళకు ఇలాజ్ చేసే ఇజాజత్. ఊరూరా తిరుగుతూ దారి పక్కన కళ్ళు కోసేవాళ్ళలో ఎక్కువమందిని నమ్మొద్దని కూడా ఆ గ్రంథం హెచ్చరిస్తుంది. కల్తీ సుర్మాల గురించీ చెబుతుంది. ఈ రోజు ఫోనులో సగం ధరకే లేజర్ అనే ఇష్తెహార్ చూసినప్పుడు ఆ ముహ్‌తసిబ్ గుర్తుకురావాలి.

వెలుగు లోపలికి వస్తుంది

అమ్మార్ సూది పట్టిన ఖాహిరాలోనే, అదే అల్ హాకిమ్ కాలంలో, బస్రా నుంచి వచ్చిన ఇబ్న్ అల్ హైసమ్ ఉన్నాడు. పుట్టింది 965లో. ఆయన కహ్హాల్ కాదు, కత్తి పట్టలేదు. ‘కితాబుల్ మనాజిర్’ అనే ఏడు భాగాల గ్రంథం రాశాడు. కంటి నుంచి కిరణాలు బయటికి పోయి వస్తువును తాకితే చూపు వస్తుందని అప్పటికి చాలామంది నమ్మేవాళ్ళు. ఆయన కాదన్నాడు. సూర్యుణ్ణి చూస్తే కన్ను నొప్పి పుడుతుంది. మెరిసేదాన్ని చూసి కన్ను మూసుకున్నా దాని ఆకారం కాసేపు నిలుస్తుంది. అంటే ఏదో బయటి నుంచి లోపలికి వస్తోందన్నమాట. వెలుగు వస్తువు మీద పడి అక్కడి నుంచి కంట్లోకి వస్తుందని తజ్రుబాలతో చూపించాడు.

ఈ గ్రంథం 1200 ప్రాంతంలో లాటిన్‌లోకి మారి యూరప్ చేరింది. 1572లో బాసెల్‌లో అచ్చయింది. కంటి పేర్లలో కూడా ఆ ప్రయాణం కనిపిస్తుంది. కంటి వెనక పొరను అరబీలో షబకియ్యా అన్నారు, వల లాంటిదని అర్థం. రెటీనా అనే లాటిన్ మాట దానికి తర్జుమా. కంటి ముందున్న అద్దం లాంటి పొరను ఖర్నియ్యా అన్నారు. ఖర్న్ అంటే కొమ్ము. లాటిన్‌లో కార్నియా అన్నా అదే కొమ్ము అర్థం. ఈరోజు లేజర్ చెక్కేది ఈ ఖర్నియ్యానే.

ఇబ్న్ అల్ హైసమ్ దారిలో నడిచిన యూరప్ పండితుల తర్వాత, 1604లో కెప్లర్ ఇంకో అడుగు వేశాడు. వస్తువు బొమ్మ రెటీనా మీద తలకిందులుగా పడుతుందని, దూరపు చూపు లేనివాళ్ళలో ఆ బొమ్మ రెటీనాకు ముందే ఏర్పడుతుందని, నొక్కు అద్దం దాన్ని వెనక్కి తోస్తుందని వివరించాడు. మైనస్ పవర్ ఐనక్ పనిచేసే తీరు ఇదే. ఐనక్ మాత్రం అంతకుముందే, 13వ శతాబ్దం చివర్లో, ఇటలీలో పుట్టింది. ముందు పనిచేసింది, తర్వాత ఎందుకు పనిచేస్తుందో తెలిసింది.

ఐనక్‌లో ఒక నేమత్ ఉంది. అది కంటిని తాకదు. సరిపోకపోతే తీసి పక్కన పెట్టొచ్చు. ఖర్నియ్యాను కోస్తే ఆ పని వెనక్కి తీసుకోలేం. ఆ తేడాను 20వ శతాబ్దం చాలా ఖరీదు పెట్టి నేర్చుకుంది.

టోక్యో, మాస్కో: జల్దీకి కట్టిన ఖీమత్

1930ల చివర్లో టోక్యోలో త్సుతోము సాటో అనే కంటి డాక్టర్, ఖర్నియ్యా లోపలివైపు నుంచి సన్నని గాట్లు పెడితే దాని వంపు తగ్గి సైట్ తగ్గుతుందని గమనించాడు. 1940లు, 50లలో వందలాది కళ్ళకు అలా చేశారు. మొదట్లో ఫలితాలు బాగున్నాయి. ఐనక్ పోయింది, అందరూ ఖుష్.

అయితే ఖర్నియ్యా లోపలి అంచున ఒకే వరస కణాల పొర ఉంటుంది. ఖర్నియ్యాలో చేరే నీటిని బయటికి తోడుతూ దాన్ని అద్దంలా ఉంచేది ఆ పొరే. చచ్చిపోయిన కణాల చోట మళ్ళీ కొత్తవి పుట్టవు. ఈ సంగతి అప్పటికి ఎవరికీ సరిగా తెలియదు. గాట్లు పడింది సూటిగా ఆ పొర మీదే. పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు గడిచాక ఒక్కొక్కరి కన్ను ఉబ్బి, బొబ్బలెక్కి, మసకబారింది. ఆపరేషన్ రోజున కుర్రాళ్ళు. ఖీమత్ కట్టేనాటికి పిల్లలున్న అమ్మలు, నాన్నలు.

1970లలో మాస్కోలో స్వ్యతోస్లావ్ ఫ్యొదొరోవ్ వేరే దారి పట్టాడు. గాట్లు బయటివైపు నుంచి, బండి చక్రం ఆకుల్లా పెట్టాడు. ఐనక్ పగిలి గాజు ముక్క కంట్లో దిగిన ఒక కుర్రాడి కేసు నుంచి ఆయనకు ఈ ఆలోచన వచ్చిందని చెబుతారు. రోగుల్ని వరసగా కదిలే మంచాల మీద పడుకోబెట్టి, ఒక్కో డాక్టర్ ఒక్కో పని చేసేలా కార్ఖానా లాంటి ఆసుపత్రి నడిపాడు. ఆ ఆపరేషన్ అమెరికాకూ వెళ్ళింది. అక్కడ ప్రభుత్వ ఖర్చుతో చేయించుకున్నవాళ్ళను పదేళ్ళు వెంబడించి చూశారు. 1994లో లెక్క తేలింది. నూటికి 43 కళ్ళలో పవర్ ఒక డయాప్టర్ లేదా అంతకన్నా ఎక్కువ ప్లస్ వైపు జరిగిపోయింది. దూరం చూపు కోసం కోయించుకున్నవాళ్ళు నడివయసుకు ముందే దగ్గరి చూపుకు ఐనక్ వెతుక్కున్నారు.

ఈ ఇద్దరు డాక్టర్లూ చెడ్డవాళ్ళు కారు. నియ్యత్‌లో లోపం లేదు. కన్ను ఆపరేషన్ రోజున ఎలా ఉందో చూశారు, ఇరవయ్యేళ్ళకు ఎలా ఉంటుందో చూడలేకపోయారు.

మద్రాసులో పుట్టినవాడు, టర్కీ కోడి ఎముక

లేజర్ కథలో మన దక్షిణాది మనిషి ఒకాయన ఉన్నారు. రంగస్వామి శ్రీనివాసన్, 1929లో మద్రాసులో పుట్టారు. అమెరికా వెళ్ళి చదువుకుని 1961లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఐబీఎం పరిశోధన కేంద్రంలో చేరారు. అక్కడ ఎక్సైమర్ అనే లేజర్‌తో ప్లాస్టిక్‌ను చెక్కే పని చేసేవాళ్ళు. ఎక్సైమర్ లేజర్‌ను 1970లో మాస్కోలో బసోవ్ బృందం తయారు చేసింది. ఐబీఎంలో వాడిన రకం 193 నానోమీటర్ల అతినీలలోహిత కిరణం, కంటికి కనిపించనిది.

1981 నవంబరులో, థాంక్స్‌గివింగ్ పండుగ మర్నాడు, శ్రీనివాసన్ విందులో మిగిలిన టర్కీ కోడి ముక్కను లేబుకు తెచ్చి ఆ కిరణం కింద పెట్టారు. మామూలు ఆకుపచ్చ లేజర్ వేస్తే ముక్క మాడి నల్లబడింది. ఎక్సైమర్ వేస్తే అంచు తీర్చినట్టు తెగింది, పక్కన ఏమీ మాడలేదు. ఆ కిరణం అణువుల మధ్య బంధాలను తెంచుతుంది. వేడి పక్కకు పాకేలోపే ఆ పొర ఆవిరై ఎగిరిపోతుంది. ఒక్కో మెరుపుకు పోయేది మిల్లీమీటరులో నాలుగువేలో వంతు అటూ ఇటూ. ఆయనతో పాటు జేమ్స్ విన్, శామ్యూల్ బ్లమ్ ఈ పని చేశారు. ముగ్గురికీ 2013లో అమెరికా ప్రభుత్వం జాతీయ పతకం ఇచ్చింది.

1983లో న్యూయార్క్ కంటి డాక్టర్ స్టీఫెన్ ట్రోకెల్, శ్రీనివాసన్‌తో కలిసి ఆవు కళ్ళ మీద ఈ కిరణం చూపించి ప్రకటించాడు. అప్పుడు కూడా జల్దీ పడలేదు. ముందు జంతువుల కళ్ళు, తర్వాత చూపులేని కళ్ళు. 1988లో అమెరికాలో మార్గరెట్ మెక్‌డొనాల్డ్ చూపున్న మనిషి కంటి మీద మొదటిసారి చేసింది. కేన్సర్ వల్ల ఎలాగూ తీసేయాల్సిన కన్ను అది. ఆ మహిళ తన కన్ను పోయేముందు దాన్ని ఇల్మ్‌కు ఇచ్చి వెళ్ళింది. పై చర్మం గీకి లేజర్ వేసే ఈ పద్ధతి పేరు పీఆర్‌కే.

ఇంకోవైపు 1949లోనే హొసే బరాకెర్ ఖర్నియ్యా పైపొరను పలచని బిళ్ళలా కోసి, చెక్కి, మళ్ళీ అతికించే ఆలోచన రాశాడు. ఆ ఆలోచననూ లేజర్‌నూ కలిపింది గ్రీస్‌లోని క్రీట్ ద్వీపానికి చెందిన పల్లికారిస్. బిళ్ళను పూర్తిగా కోయకుండా పుస్తకం అట్టలా ఒకవైపు వదిలి తెరవడం, కింద లేజర్ వేయడం, మళ్ళీ మూసేయడం. అదే లాసిక్. 1990ల్లో దునియా అంతా పాకింది.

1998: ఇప్పటి జాంచ్‌లు పుట్టిన ఏడాది

లాసిక్ ఊపందుకున్న ఆ రోజుల్లోనే, 1998లో, జర్మనీ డాక్టర్ థియో సైలర్ ఒక ఖబర్ ప్రకటించాడు. లాసిక్ అయిన కొన్ని కళ్ళలో ఖర్నియ్యా మెల్లగా పలచబడి ముందుకు ఉబ్బుతోంది. చూపు వంకర్లు పోతోంది, ఐనక్‌తో కూడా సరికావడం లేదు. డాక్టర్లు దాన్ని ఎక్టేషియా అన్నారు.

కారణాలు రెండు తేలాయి. ఒకటి, పొరను మరీ ఎక్కువ తొలగించడం. రెండు, ఆ కంట్లో ముందు నుంచే కెరటోకోనస్ అనే రోగం దాగి ఉండటం. కెరటోకోనస్‌లో ఖర్నియ్యా పలచబడి శంకువులా సాగుతుంది. టీనేజీలో, ఇరవైల్లో మొదలవుతుంది. మొదటి దశలో మనిషికి తెలియదు, సిలిండర్ పవర్ మాటిమాటికీ మారుతుంది అంతే. మన దక్షిణాసియాలో, అరబ్ దేశాల్లో ఈ రోగం యూరప్ కన్నా ఎక్కువగా కనిపిస్తుంది. ఎలర్జీ ఉండి కళ్ళు బాగా నలుపుకునే పిల్లల్లో మరీ. అలాంటి కన్ను మీద లాసిక్ అంటే పగిలిన గోడకు కిటికీ కోసినట్టు.

ఆ ఖబర్ తర్వాత జాంచ్‌లు గట్టిపడ్డాయి. ఖర్నియ్యా ఎత్తుపల్లాలను పటంలా గీసే టోపోగ్రఫీ, మందం కొలిచే పాకిమెట్రీ లేకుండా లేజర్ ముట్టకూడదన్నారు. కెరటోకోనస్‌ను ఆపడానికి విటమిన్ మందు వేసి అతినీలలోహిత కాంతితో పొరను గట్టిపరిచే క్రాస్ లింకింగ్ ఇలాజ్ జర్మనీలోని డ్రెస్డెన్‌లో తయారైంది. దాని వెనకా ఈ సైలర్ ఉన్నాడు. సైట్ తీయించుకోవడానికి వెళ్ళి జాంచ్‌లో కెరటోకోనస్ బయటపడ్డ పిల్లలు అదృష్టవంతులు. లేజర్ దొరకలేదు, కన్ను దక్కింది.

మైక్రాన్ల హిసాబ్

ఆ మందం లెక్క ఇంట్లో కూర్చుని వేసుకోవచ్చు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మామూలు ఖర్నియ్యా నడిమధ్యలో సుమారు 540 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరుకు కొంచెం ఎక్కువ. ఆరు మిల్లీమీటర్ల వెడల్పులో లేజర్ వేస్తే ఒక్కో డయాప్టర్ పవర్‌కు దాదాపు 12 మైక్రాన్లు పోతాయి.

ఒక అమ్మాయికి మందం 500, పవర్ మైనస్ 6 అనుకుందాం. తెరిచే పొర 110. లేజర్ చెక్కేది 72. మిగిలేది 318. అదే మందంతో పవర్ మైనస్ 10 అయితే లేజర్ చెక్కేది 120, మిగిలేది 270. కింద 250 అయినా మిగలాలన్నది పాత హద్దు. చాలామంది సర్జన్లు ఇప్పుడు 300 కావాలంటారు. మొదటి అమ్మాయికి డాక్టర్ సరే అంటే, రెండో అమ్మాయికి వద్దనడం ఇందుకే. వద్దన్న డాక్టర్ దగ్గర లేచి, సరే అనే డాక్టర్ కోసం ఊరంతా తిరగడం ఈ హిసాబ్‌ను మార్చదు. అలాంటి కళ్ళకు పొర కోయకుండా చేసే పీఆర్‌కే, లేదా కంటి లోపల లెన్సు పెట్టే పద్ధతి, లేదా ఉన్న ఐనక్. ఏది సరైనదో జాంచ్ చెబుతుంది.

మన ఇళ్ళకు సంబంధించిన తయ్యారీ

ఇక డాక్టర్లు చెప్పే తయ్యారీ చూడండి. ప్రతిదానికీ పైన చెప్పుకున్న తారీఖ్‌లో జవాబు ఉంది.

వయసు 18 దాటాలి, ఇంకా ఆగితే మేలు. ఏడాది పాటు పవర్ మారకుండా ఉండాలి. పాత చీటీలు, పాత ఐనక్‌లు పారేయకుండా తీసుకెళ్ళండి. ఇంకా పెరుగుతున్న సైట్ మీద లేజర్ వేస్తే రెండేళ్ళకు ఐనక్ మళ్ళీ వస్తుంది.

కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్ళు జాంచ్‌కు ముందే ఆపాలి. మెత్తవి ఒకటి రెండు వారాలు, గట్టివి మూడు నాలుగు వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ. లెన్సు ఖర్నియ్యాను నొక్కి ఆకారం మారుస్తుంది. అది అసలు ఆకారానికి రాకముందు కొలిస్తే కొలతే తప్పు, ఆ కొలతతో వేసిన లేజరూ తప్పు. మేకప్ కోసం రంగు లెన్సులు పెట్టుకునే దుల్హన్‌లకూ ఇదే మాట.

సుర్మా. మన ఇళ్ళల్లో ఇది సున్నత్ అన్న మొహబ్బత్‌తో పెట్టుకుంటాం. ఇస్మిద్ సుర్మా గురించి హదీసుల్లో ఉంది, ఆ ఇజ్జత్ అలాగే ఉండనివ్వండి. కానీ బజారులో సుర్మా పేరుతో అమ్మేదాంట్లో చాలావరకు సీసం ఖనిజం. అల్ షైజరీ హెచ్చరించిన కల్తీ ఇప్పటికీ పోలేదు. ఏ సుర్మా అయినా, కాజల్ అయినా, ఆపరేషన్‌కు ముందు డాక్టర్ చెప్పిన రోజు నుంచి బంద్. రెప్పల మూలల్లో మిగిలిన పొడి తెరిచిన పొర కిందికి చేరితే వాపు, ఇన్‌ఫెక్షన్. ఆపరేషన్ రోజున అత్తర్, సెంటు కూడా వద్దు. ఆ ఆవిర్లు లేజర్ కిరణానికి అడ్డు రావచ్చని థియేటర్‌లో రానివ్వరు.

మందుల సంగతి దాచొద్దు. పెళ్ళికి ముందు మొటిమల కోసం వాడే ఐసోట్రెటినోయిన్ కళ్ళను పొడిబారుస్తుంది. షుగర్ ఉందా, కీళ్ళవాతం లాంటి రోగాలున్నాయా, ఇంట్లో ఎవరికైనా కెరటోకోనస్ ఉందా, చెప్పండి. గర్భంతో ఉన్నవాళ్ళకు, పాలిచ్చే తల్లులకు పవర్ మారుతూ ఉంటుంది కాబట్టి వాయిదా వేస్తారు. అత్తగారింట్లో చెప్పడానికి మొహమాటపడి డాక్టర్ దగ్గర కూడా దాస్తే నష్టం ఆ పిల్ల కంటికే.

కళ్ళు పొడిగా ఉన్నాయా అన్నది విడిగా చూడాలి. లాసిక్ పొర కోసేటప్పుడు సన్నని నరాలు తెగుతాయి, కొన్ని నెలలు కన్నీళ్ళు తగ్గుతాయి. ముందే పొడికళ్ళు ఉన్నవాళ్ళు మొదట దానికి ఇలాజ్ తీసుకోవాలి. పాప పెద్దదయ్యే చుక్కలు వేసి రెటీనా కూడా చూడాలి. లేజర్ మైనస్ పవర్‌ను తీస్తుంది, పొడవుగా సాగిన కంటి గుడ్డును కాదు. పెద్ద మైనస్ ఉన్నవాళ్ళకు రెటీనా చిరిగే ఖత్రా లేజర్ తర్వాత కూడా ఉంటుంది. జాంచ్ అయ్యాక కొన్ని గంటలు మసకగా ఉంటుంది. బండి నడపడానికి భాయీనో అబ్బానో వెంట తీసుకెళ్ళండి.

ఇబాదత్ సంగతి ముందే ఆలోచించుకోవాలి. ఆపరేషన్ తర్వాత కొన్ని రోజులు కంట్లో నీళ్ళు పడకూడదు, కాబట్టి ముఖం మీద నీళ్ళు చల్లుకునే వుజూ కుదరదు. తడిచేత్తో మసహ్ చేయాలా, తయమ్ముమ్ చేయాలా అన్నది డాక్టర్ మాట విన్నాక మీ ముఫ్తీ సాబ్‌ను అడిగి పెట్టుకోండి. సజ్దా ఎలా చేయాలో డాక్టర్‌నే అడగండి. రమజాన్‌లో కంటి చుక్కలతో రోజా పోదని హనఫీ ఫిఖా చెబుతుంది. అయినా గంట గంటకూ చుక్కలు, మాత్రలు ఉండే మొదటి వారాన్ని రమజాన్‌లో పెట్టుకోకపోతే తేలిక. అల్లాహ్ ఇచ్చిన రూపాన్ని మార్చడం కదా అని కొందరు సందేహపడతారు. చాలామంది ఉలమా చూపు లోపానికి చేసే ఇలాజ్‌గానే దీన్ని చూసి జాయిజ్ అన్నారు, నష్టం లేదని డాక్టర్ చెప్పాలన్న షరతుతో. అంటే ఫత్వా కూడా చివరికి జాంచ్ దగ్గరికే వచ్చి ఆగుతుంది.

లేజర్ కింద పడుకున్నప్పుడు మత్తు ఉండదు, చుక్కలతో కన్ను మొద్దుబారుస్తారు. మెలకువగా ఉండి ఎదురుగా కనిపించే లైటును చూస్తూ ఉండాలి. జిక్ర్ దిల్‌లో చేసుకోండి, తల కదలకూడదు. తర్వాత కొన్ని రోజులు కన్ను నలపకూడదు, నిద్రలో కవచం తీయకూడదు. నిఖా తారీఖుకు వారం ముందు కాదు, కనీసం రెండు మూడు నెలల ముందు ఈ పని ముగియాలి. షాదీ ఇంట్లో పొగ, దుమ్ము, మేకప్, నిద్రలేని రాత్రులు, ఇవన్నీ కొత్తగా మానుతున్న కంటికి దుష్మన్లు.

నలభై దాటాక దగ్గరి అక్షరాలకు ఐనక్ వస్తుంది, లేజర్ చేయించుకున్నా వస్తుంది. అది లేజర్ ఫెయిలవ్వడం కాదు, కంటి లోపలి లెన్సు వయసు. తిలావత్‌కు కూర్చున్న నానా నానీల ఐనక్ ఏదో ఒకనాడు అందరికీ రావలసిందే. ఈ మాట డాక్టర్ ముందే చెప్పాలి, చెప్పకపోతే మీరు అడగాలి.

జాంచ్‌లో అన్నీ సరిగ్గా ఉంటే షౌఖ్‌గా చేయించుకోండి. ఈరోజు లేజర్ ఆపరేషన్లలో ఎక్కువ భాగం బాగానే జరుగుతున్నాయి, అది ఈ వెయ్యేళ్ళ ఎహతియాత్ ఫలం. సరిగ్గా లేదంటే పిల్ల మీద జోర్ చేయొద్దు. అబ్బాయివాళ్ళు ఐనక్ వద్దన్నారని ఒక పలచని ఖర్నియ్యా మందం పెరగదు. కన్ను అల్లాహ్ మనకిచ్చిన అమానత్. రిష్తా వెతికేటప్పుడు ఐనక్ ఉన్న అమ్మాయి అని పక్కకు పెట్టే అలవాటును మనం మానుకుంటే, సగంమంది పిల్లలకు ఈ జల్దీ అవసరమే ఉండదు. మిగతా సగంమంది డాక్టర్ ముందు కూర్చుని నింపాదిగా అడగగలుగుతారు: సాబ్, నా కన్ను దీనికి తగినదేనా?